బానెట్ మీద సిలువ

ఏసుదానానికి పదకొండు ఎరుపులు తెలుసు. చెరుకు ట్రాలీ తలుపులకు వేసే ఇటుక ఎరుపు వేరు, ట్రాక్టర్ ఎరుపు వేరు, ఎండకు వెలిసిన ట్రాక్టర్ ఎరుపు ఇంకా వేరు. బోధన్‌లో రుద్రూర్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని, బండ్లకు రంగులేస్తూ ముప్పై ఏళ్లుగా వాటిని కంటి చూపుతోనే కలుపుతున్నాడు. కాలువ కింద పొలాలున్న వెంకటసుబ్బారావు గారైతే తన ట్రాక్టర్‌ను ఏసుదానం తప్ప ఇంకొకరు ముట్టుకోనివ్వరు.

పన్నెండో ఎరుపు పోయిన నెల ఏసుదానం వాకిట్లోకే వచ్చింది. తమ్ముడు రాజ్ కిరణ్ కారు కొన్నాడు.

అన్నదమ్ముల ఇళ్లకు గోడ ఒకటే, వాకిలి ఒకటే. కారు ముఖం సరిగ్గా ఏసుదానం గడపకు ఎదురుగా ఉంటుంది. పొద్దున పళ్లు తోముకుంటుంటే కారు, మధ్యాహ్నం తిండికొస్తే కారు. దానం మోపెడ్ మాత్రం జామచెట్టు కిందికి జరిగింది. తమ్ముణ్ని ఐటీఐ చదివించింది ఆ మోపెడ్ నడిపిన చేతులే. ఇప్పుడు వాడు కరెంటాఫీసులో ఉద్యోగి. వాడు కారు కొన్నందుకు కాదు తన బాధ అని దానం భార్యకు చాలాసార్లు చెప్పాడు.

"ఊరంత రంగు ఏదుంటె బాగుంటదని నన్ను అడుగుతరు. వీడు కంప్యూటర్ల సూసుకొని కొన్నడు. ఒక్క మాట అడిగిండా శారమ్మా?"

"అడిగితె ఏం రంగు చెప్తుంటివి?"

"ఎరుపే చెప్తుంటి. కని అడగాలె గద!"

కొత్త బండి ఏది కొన్నా ముందు గుడికి తీసుకుపోవడం వాళ్ల మెథడిస్టు కుటుంబాల్లో ఆనవాయితీ. మోపెడ్ అయినా ట్రాక్టర్ అయినా అంతే. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య బయటికొచ్చి, వేలితో నూనె తీసుకుని బండి ముఖం మీద సిలువ గుర్తు వేస్తాడు. ఇంటివాళ్లంతా బండి మీద కుడిచెయ్యి పెడతారు. ప్రార్థన అయ్యాకే బండి కదలాలి.

కారును గుడికి తెచ్చిన ఆదివారం దానం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలోనే నిలబడ్డాడు. చెయ్యి చాపబోతుంటే తమ్ముడి భార్య ఎస్తర్ నవ్వుతూనే అడిగింది.

"బావా, చెయ్యి కడుక్కున్నరా? కొత్త బండి."

కడుక్కునే వచ్చాడు. కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు. గోళ్ల అంచున ఉండిపోయిన రంగు ముప్పై ఏళ్లది, అది సబ్బుకు పోయేది కాదు. దానం చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ప్రార్థన అయిపోయింది. ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నాడు.

మర్నాడు రాజ్ కిరణ్ షాంపూ పెట్టి కారు కడిగాడు. గడపలో కూర్చుని చూస్తున్న దానం, భార్యకు వినపడేలా అన్నాడు.

"సూసినవా, అయ్యగారు పెట్టిన సిలువ షాంపుతోటి కొట్టుకపాయె. ఇగ ప్రార్థన గూడ పోయినట్టే."

శారమ్మ చేట తిప్పుతూ "నోరు ముయ్యి" అంది. పక్కనే అటుకులు తింటున్న ఆశాకు అది వేళాకోళమని ఎవరూ చెప్పలేదు. ఆశా వాళ్ల కూతురి కూతురు, ఐదేళ్లది, అమ్మమ్మ తాతల దగ్గరే పెరుగుతోంది.

బుధవారం పొద్దున ఎస్తర్ పెట్టిన కేకకు జామచెట్టు మీది చిలుకలు లేచిపోయాయి. బానెట్ నడిమధ్య జానెడు సిలువ. కంకరరాయితో గీసింది. నిలువు గీత ఒకటికి నాలుగుసార్లు రుద్ది మరీ గీసింది. రాయి ఇంకా ఆశా చేతిలోనే ఉంది.

"ఎందుకు గీసినవే?" శారమ్మ పిల్ల చేతిలోని రాయి లాక్కుంటూ అడిగింది.

"కడిగితె పోయిందన్నడు గద తాత. మల్ల పెట్టిన." పిల్ల ముఖంలో భయం లేదు, పని చేసిన సంతోషం ఉంది. "గిప్పుడు పోదు."

ఎస్తర్ దానం వైపు తిరిగింది. "పిల్లకు గంత తెలివి యాడిది బావా? పెద్దోళ్లు అంటేనే పిల్లలు చేస్తరు."

నిజానికి ఆ గీతలు చూసినప్పుడు ముందు దానానికి లోలోపల తృప్తి కలిగింది. ఆ తర్వాతే సిగ్గేసింది. వచ్చే ఆదివారం కోత పండుగ. జక్రాన్‌పల్లి నుంచి, భీమ్‌గల్ నుంచి చుట్టాలంతా గుడికి వస్తారు. కారు చూపించుకోవాలని రాజ్ కిరణ్ అందరికీ ఫోన్లు చేసి ఉన్నాడు.

అప్పుడైనా "అన్నా, నువ్వు చెయ్యి" అంటాడేమోనని దానం చూశాడు. రాజ్ కిరణ్ బానెట్ మీద దుప్పటి కప్పి కారును నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడ ముత్తన్నది పెద్ద షాపు. అద్దాల గది, లోపల మిషను, రంగును కంప్యూటరే కలుపుతుంది. ముత్తన్న ఒకప్పుడు దానంతో కలిసి ట్రాలీల మీద నంబర్లు రాసినవాడే. అతని గురించి దానం ఇంట్లో ఎప్పుడూ మాట్లాడడు. గుర్తొచ్చిన రోజు మాత్రం కూరలో ఉప్పు తక్కువైందంటాడు.

సాయంత్రానికి కారు షెడ్డు ముందుకొచ్చి ఆగింది. దుప్పటి అట్లాగే ఉంది.

"ఏందిరా, కంప్యూటర్‌కు కరెంటు లేదా?"

"ముత్తన్న చెయ్యనన్నడు." రాజ్ కిరణ్ నేల చూస్తూ చెప్పాడు. "దేవుని గుర్తు మీద నేను గరుకు పేపర్ పెట్ట సార్, ఏ దేవుడైతేంది అన్నడు. ఇంకో రెండు షాపులు తిరిగిన. వాళ్లదీ గదే మాట. ముత్తన్ననేమో, మీ అన్న ఉన్నడు గద, మీ దేవుడు మీరు సూసుకోండ్రి అన్నడు."

దానం ఆ మాటను నిమ్మబిళ్లలా చప్పరించాడు. చప్పరించిన కొద్దీ లోపలి పులుపు తెలిసింది. తను మంచి పనివాడని రాలేదు వీడు. చెరపడానికి భయం లేనివాడు తనొక్కడేనని వచ్చాడు.

దుప్పటి తీసి గీతల మీద తడిగుడ్డ పెట్టాడు. అడ్డగీత నీళ్లకు కనపడకుండా పోయింది, అంటే పైపొర మీదిదే. నిలువు గీత మాత్రం తెల్లగా అట్లాగే ఉంది. దాని మీద అడ్డంగా గోరు నడిపాడు. గోరు తట్టుకుని ఆగింది. అడుగున ఉండే ప్రైమర్ పూత దాటి రేకు దాకా పోయింది.

"దీనికి పాలిష్ సాలదు. పుట్టీ, రంగు, బానెట్ మొత్తం క్లియర్ కోటు. శనారం దాక కారు నాది."

గురువారమంతా రంగు కలపడానికే పట్టింది. ఎరుపులో ముత్యపు పొడి ఉన్న రంగు అది. నీడలో ఒకలా, ఎండలో ఒకలా మెరుస్తుంది. దానం రేకుముక్కల మీద చుక్కలు వేసి ఆరబెట్టి, పొద్దుటెండలో ఒకసారి, నడినెత్తి ఎండలో ఒకసారి బానెట్ పక్కన పెట్టి చూశాడు. చివరికి రెండు ముక్కలు మిగిలాయి. ఒకటి అచ్చం కారు రంగు. రెండోదాంట్లో నలుపు ఒక్క బొట్టు ఎక్కువ.

చూద్దామని వచ్చిన తమ్ముడికి రెండూ చూపించాడు.

"రెండూ ఒకటే గద అన్నా."

"సరిగ్గ సూడు."

"ఒకటే."

వాడు పోయాక దానం రెండో ముక్కను చాలాసేపు చేతిలో తిప్పాడు. ఇదే వేస్తే ఆదివారం ఎవరికీ తెలియదు. ఏ సాయంత్రం పూటో ఏటవాలు ఎండ పడ్డప్పుడు బానెట్ మీద మబ్బు పట్టినట్టు ఒక మచ్చ లేస్తుంది. ఎస్తర్ గుడ్డ పెట్టి తుడుస్తూ కూర్చోవాలి బతుకంతా. దానం నవ్వుకున్నాడు. తరవాత ఆ మచ్చను ముత్తన్న చూస్తున్నట్టు ఊహించుకున్నాడు. "మా దానన్న చెయ్యేనా ఇది?" అని వాడు అద్దాల గదిలో నవ్వడం చెవిలో వినపడింది. రెండో ముక్కను చెత్తడబ్బాలో పడేశాడు.

శుక్రవారం గీతను రుద్ది, పుట్టీ నింపి, ప్రైమర్ వేసి, స్ప్రే గన్‌తో రంగు కొట్టి, పైన రంగులేని క్లియర్ పూత కొట్టాడు. శనివారం సన్నని వాటర్ పేపర్ పెట్టి తడితడిగా రుద్ది, కాంపౌండ్ పట్టించి మెరుగు పెట్టాడు. అయిపోయాక తనే వెతుక్కున్నాడు, ఎక్కడ చేశానా అని. దొరకలేదు. అప్పుడు తట్టింది అతనికి. పని ఎంత బాగుంటే అంత కనపడదు. కనపడని పనికి పేరెట్లా వస్తుంది? గుడి ముందు నలుగురిలో తమ్ముడి నోటితో ఒక్క మాట రావాలి. అన్న చేసిండు అని. ఇంకేం వద్దు.

ఆదివారం ఆరాధన అయ్యాక చుట్టాలు కారు చుట్టూ మూగారు. పిల్ల సిలువ గీసిందన్న సంగతి అప్పటికే భీమ్‌గల్ దాకా పోయింది.

"ఏదమ్మా ఎస్తరూ, యాడ గీకింది? ఏం కనవడ్తలేదు," అంది లింగవ్వ, భీమ్‌గల్ నుంచి వచ్చిన చిన్నమ్మ.

"నిజామాబాద్ తీస్కపోయినం అత్తమ్మా," అంది ఎస్తర్.

అబద్ధం కాదు. తీసుకుపోయారు, తీసుకొచ్చారు. రాజ్ కిరణ్ తాళాల గుత్తిని వేలికి తిప్పుకుంటూ గుడి గంట వైపు చూశాడు.

"గందుకే! పెద్ద షాపు పనే వేరు. కంపెనీ రంగు లెక్కనే ఉంది," అంది లింగవ్వ.

దానం ఒక అడుగు ముందుకేశాడు. చెత్తడబ్బాలోని రేకుముక్క గుర్తొచ్చింది. శారమ్మ అతని చొక్కా అంచు పట్టుకుంది, ఏమీ అనకని.

అప్పుడు ఆశా పెద్దల కాళ్ల మధ్యలోంచి దూరి వచ్చి, మునివేళ్ల మీద లేచి బానెట్ మీద వేలు పెట్టింది. సరిగ్గా అక్కడే. దానానికే దొరకని చోట.

"గిక్కడ ఉండె. తాత దాసిపెట్టిండు లోపట. మల్ల కడిగితె పోకుంట." లింగవ్వ వైపు చూసి, "షెడ్డుల నేను సూసిన," అంది.

అంతా నవ్వారు. పుట్టీ కింద రేకు మీద ఆ గీత అడుగు ఇంకా ఉండే ఉంటుందని దానానికి ఒక్కడికే తెలుసు.

"దానం చేసిండా?" లింగవ్వ కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ వంగి చూసింది. "కిరణూ, మీ అన్న చేసిండారా గిది?"

తాళాల గుత్తి తిరగడం ఆగింది.

"అవ్ చిన్నమ్మా. అన్ననే చేసిండు," అన్నాడు రాజ్ కిరణ్. తర్వాత కొంచెం గొంతు పెంచి, "నిజామాబాద్‌ల చేతగాలే వాళ్లకు," అన్నాడు.

రెండో మాట దానం ఆశించలేదు. అది దొరికేసరికి ఏం చెయ్యాలో తోచక దగ్గరికి పోయి కుడిచెయ్యి బానెట్ మీద ఆనించాడు. ప్రార్థన రోజు కోరుకున్నట్టుగా, అరచెయ్యి మొత్తం. రెండేళ్లు పోతే ఎండకు ఈ కారంతా వెలుస్తుంది, తను వేసిన క్లియర్ ఉన్న బానెట్ మాత్రం ఇట్లాగే ఉంటుంది. ఆ ఆలోచన అతనికి నచ్చింది.

చెయ్యి తీశాక వేళ్ల అచ్చు పడింది. ఎస్తర్ అలవాటుగా కొంగు చేతిలోకి తీసుకుంది, ఆగింది.

"తుడువమ్మా, గట్టిగ తుడువు," అన్నాడు దానం. "లోపట ఉన్నది పోదు."