వదులైన చుడీదారు

నరసాపురంలో మా వీధిలో చిన్నమ్మాయి అనే ఆవిడ లేసు అల్లితే వంక పెట్టడానికి సరుకు కొనే ఏజెంటుకి సందు దొరకదు. భర్త పోయాక ఆ అల్లికతోనే కూతురు హారతిని పెంచింది. ఆవిడకి ఎప్పుడూ దగ్గే. నూలు దుమ్ము వల్లే అనేది. మేమూ సరే అనుకున్నాం.

హారతి తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు చుడీదారు వదులైంది. చిన్నమ్మాయి పక్క కుట్లు బిగించింది. దసరా సెలవులయ్యేసరికి మళ్లీ వదులైంది. మళ్లీ బిగించింది, పైకి తెలియకుండా ఎంతో నేర్పుగా. పిల్ల తాటిచెట్టులా సాగుతోంది, ఇక ఒళ్లేం పడుతుందని వీధి ఆడవాళ్లు వంత పాడారు. అన్నం సయించకపోతే దిష్టి తీశారు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడితే ఎండలో తిరిగిందన్నారు. వారాల తరబడి దగ్గుతుంటే మందుల షాపువాడు సిరప్ మీద సిరప్ ఇచ్చాడు. ఇంతమంది వైద్యులున్న వీధిలో డాక్టరు ఎవరికి గుర్తొస్తాడు?

చలికాలంలో ఆయాసం మొదలయ్యాక రాజమండ్రి తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ పాడై ఉన్నాయి. క్షయ. ఎన్నాళ్లుగా చిక్కిపోతోందని డాక్టరమ్మ అడిగితే, చిన్నమ్మాయి చుడీదారు అంచు తిరగేసి లోపలి కుట్ల వరసలు చూపించింది. కూతురి ఒంటి కొలతలు అంగుళాలతో సహా తెలిసిన తల్లి ఆవిడ. అవి ఎందుకు తగ్గుతున్నాయో మాత్రం తెలియలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా అమ్మా?"

"నాకుందండి. అది నూలు దగ్గండి."

డాక్టరమ్మ ఆవిడకీ పరీక్షలు చేయించింది. ఆవిడకీ అదే జబ్బు. పిల్లలకి ఇది ఎక్కువగా ఇంట్లో దగ్గే పెద్దవాళ్ల నుంచే అంటుకుంటుందని మెల్లగా చెప్పింది. ఎంత మెల్లగా చెబితే మాత్రం ఏం లాభం, ఆ మాట తల్లి గుండెల్లో దిగబడిపోయింది.

తల్లీకూతుళ్లకి మందులు ఒకేరోజు మొదలుపెట్టారు. హారతి తట్టుకోలేకపోయింది. నెల తిరక్కుండానే పోయింది.

తర్వాత చిన్నమ్మాయి మాత్రలు ముట్టనంది. ఆశా కార్యకర్త పావని రోజూ వచ్చి, బతిమాలి, ఎదురుగా కూర్చుని మింగించేది. కోర్సు పూర్తయ్యాక బరువు చూసి, పరీక్షల కాగితం చదివి, ఆ అమ్మాయి సంబరపడింది.

"జబ్బు పూర్తిగా పోయిందండి. మందు బాగా పనిచేసింది."

చిన్నమ్మాయి గోడకి జారగిలబడి ఏడ్చేసింది.

"పనిచేసే మందే కదమ్మా. ముందే వేసుంటే దానికీ పనిచేసేది."