పెళ్లిచూపుల్లో నేను తిట్టిన జ్వరం

పెళ్లిచూపులకు వెళ్లి కాబోయే మామగారితో గొడవపడి వచ్చినవాళ్లు ఉన్నారు. ఉప్మాకు వంకపెట్టి సంబంధం పోగొట్టుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఒక జ్వరాన్ని తిట్టి కొంప ముంచుకున్నవాణ్ణి మాత్రం పాతబస్తీ మొత్తానికి నేనొక్కణ్ణే. ఇది చదివాక నా మీద జాలి కలిగితే మీ దగ్గరే ఉంచుకోండి, నాకక్కర్లేదు. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మొహమాటపడరు.

డెబ్బైలు మొదలైన రోజులవి. నేను కిషన్‌బాగ్‌లో మా మేనత్త నర్సమ్మ ఇంట్లో ఉంటూ సర్కారు బస్సుల డిపోలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఆ ఏడు వానలు తగ్గాక మా గల్లీలో దోమలు చుట్టాలకంటే చనువుగా ఇళ్లలో తిరిగాయి. వాటి వెంట రెండు జ్వరాలు వచ్చాయి. మా డాక్టరుగారు ఒకదాన్ని డెంగీ అన్నారు, రెండోదాన్ని చికున్‌గున్యా అన్నారు. రోగం సంగతలా ఉంచి, ఆ పేర్లు పలికితేనే నీరసం వస్తోందని జనం సొంత పేర్లు పెట్టుకున్నారు. మొదటిది కండ్ల జ్వరం. రెండోది లంగ్డా బుఖార్, అంటే కుంటి జ్వరం.

ఎవరికి ఏది వచ్చిందో తేల్చడం గల్లీకంతటికీ పెద్ద పనైపోయింది. మంచాన పడినవాడి చుట్టూ నలుగురు చేరేవారు.

"కండ్లగుడ్ల ఎనక గుంజుతున్నదా?"

"గుంజుతున్నది."

"ఒళ్లంత బొక్కలిరిగినట్టున్నదా?"

"ఉన్నది."

"గదైతే కండ్ల జ్వరం. జ్వరం పోంగనే నొప్పులు గూడ పోతయ్, ఫికర్ జెయ్యకు."

మణికట్లు, చీలమండలు, వేళ్ల కణుపులు వాచి, జ్వరం దిగిపోయినా నొప్పులు మాత్రం ఇల్లు ఖాళీ చేయని కిరాయిదారులా కూర్చుంటే అది లంగ్డా బుఖార్. ఒంటి మీద దద్దులు రెండింటిలోనూ వచ్చేవి కనుక వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. డాక్టరుగారైనా అప్పుడప్పుడు తడబడేవారు గానీ మా గల్లీవాళ్లు ఎన్నడూ తడబడలేదు.

నాకు వచ్చింది లంగ్డా బుఖార్. అనుమానమే లేదు. జ్వరం తగ్గి నెల దాటినా పొద్దున మంచం దిగాలంటే ముందు ఒక కాలు, తర్వాత దేవుడి పేరు, ఆ తర్వాత రెండో కాలు. చొక్కా గుండీలు మా అత్త పెట్టేది. "నొప్పులు కొన్నాళ్లుంటాయి, కంగారు పడకు, తగ్గుతాయి" అన్నారు డాక్టరుగారు. గల్లీలో మాట మరోలా ఉండేది. ఆ జ్వరం వచ్చినవాడు బతికినన్నాళ్లూ కుంటుతాడని.

సరిగ్గా అప్పుడే నా పెళ్లిచూపులు వచ్చిపడ్డాయి. అమ్మాయి పేరు సుగుణ. చంద్రాయణగుట్టలో ఉండే బాలయ్యగారి కూతురు, ఆయనకు రైల్వేలో పని. లాడ్ బజార్‌లో నా దోస్తు యూసుఫ్ గాజుల దుకాణంలో ఆమెను ఒకసారి చూశాను. బేరం చేసి చేసి యూసుఫ్ నోరు మూయించింది. అంతవరకూ యూసుఫ్ నోరు మూసుకోవడం నేను చూడలేదు. ఆ రోజునుంచి నాకు ఆ పిల్ల తప్ప మరో ధ్యాస లేదు. మా అత్తను బతిమాలి, అలిగి, అన్నం మానేసి నేనే ఈ సంబంధం కదిలించాను. ఇది తప్పిపోతే నా బతుకు చీకటేనని నాకు గట్టి నమ్మకం.

సలహా కోసం యూసుఫ్ దగ్గరికి వెళ్లాను, అంటే కుంటుతూ చేరాను.

"అరే భాయ్, లంగ్డా బుఖార్ అని చెప్తే షాదీ గయీ!" అన్నాడు. "కండ్ల జ్వరమొచ్చిందని చెప్పు. అది షరీఫ్ బుఖార్. వచ్చింది, పోయింది, లొల్లి లేదు."

"మరి ఈ కుంటుడో?"

"కమ్జోరీ, నీరసం అను. జర నల్లద్దాలు పెట్టుకో. కండ్ల జ్వరమంటే కండ్లకు ఏదన్న ఉండాలె గదా!" అని తన నల్లద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టాడు.

ఇంత తెలివైన దోస్తు ఉన్నందుకు మురిసిపోయాను. ఆ వయసులో నా బుర్ర ఎంత ఖాళీగా ఉండేదో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

ఆ ఆదివారం రిక్షాలో చంద్రాయణగుట్టకు బయలుదేరాం. దారంతా మా అత్త నాకు ఒకటే నూరిపోసింది. "రాజిగా, నడిచేటప్పుడు నడుం వంచకు. కుంటి పిల్లగాడంటే పిల్లనియ్యరు." గుమ్మం నుంచి చాప దాకా పళ్లు బిగించి నడిచాను. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో మా అత్త కూర్చుంది. నేను చాప మీద కూర్చున్నానని అనలేను, పడ్డాను.

అప్పుడే ఒక సంగతి గమనించాల్సింది. పెళ్లికూతురు తలవంచుకుని పళ్లెం పట్టుకుని లోపలినుంచి రావాలి కదా? సుగుణ మేం వచ్చేసరికే చాప మీద కూర్చుని ఉంది. నల్లద్దాల్లోంచి నాకు ఆమె ముఖమే సరిగా కనబడలేదు, ఇక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

"పిల్లను జర నడిపియ్యున్రి, సూస్తం" అంది మా అత్త. నన్ను అప్పుడే అతికష్టం మీద గుమ్మం దాటించుకొచ్చిన మనిషి ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

"కూసోని మాట్లాడుకుందం అక్కా, నడుసుడు యాడికి పోతది?" అని బాలయ్యగారు మాట మార్చారు. "పిల్లగాని కండ్లకేమైంది?"

"కండ్ల జ్వరమొచ్చింది బాపు," అన్నాను. "డెంగీ. డాక్టర్ చెప్పిండు."

"అయ్యో! మరి లంగ్డా బుఖార్ గిట్ల కాదు గదా?"

ఆయన ఆ మాట అడిగిన తీరులో ఏదో ఆశ ఉంది. అది నాకు భయంలా వినిపించింది. ఇక చూస్కోండి, నా నోరు తెరుచుకుంది.

"ఛీ ఛీ, గదెందుకొస్తది బాపు! లంగ్డా బుఖారంటే మనిషి ఖతం. జిందగీల మల్ల సక్కగ నిలవడరు. మగోళ్ల సంగతి ఇడ్సిపెట్టున్రి, ఆడపిల్లకొస్తే ఇంకేమన్నుందా? బిందె లేపుతదా? రొట్టె జేస్తదా? గసుంటి పిల్లను ఎవడు జేసుకుంటడు?"

సాసర్లో చాయ్ పోసుకుంటున్న బాలయ్యగారి చెయ్యి ఆగిపోయింది. నా వాదన అంత బలంగా తగిలిందనుకుని నేను మా అత్త వైపు గర్వంగా చూశాను.

అప్పుడు సుగుణ తలెత్తింది.

"మీ జ్వరం పోయి ఎన్ని దినాలైంది?"

"నెల దాటింది."

"కండ్ల జ్వరమైతే జ్వరంతోటే నొప్పులు పోతయంటరు గదా. మరి ఇంకా నల్లద్దాలెందుకు?"

"కమ్జోరీ..." అన్నాను.

"కమ్జోరీ కండ్లకా, చేతులకా? చాయ్ కప్పు రెండరచేతుల నడుమ పట్టుకున్నరు. వేళ్లు వంగుతలేవా?"

కప్పు వైపు చూసుకున్నాను. నిజమే, పిల్లికూనను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

"ఒక్కపారి లేసి నిలవడున్రి" అంది సుగుణ.

లేచాను. అంటే కప్పు కింద పెట్టి లేవబోయాను. ఒక చెయ్యి నేలకానించాను. రెండో చేత్తో అత్త కుర్చీ కాలు పట్టుకున్నాను. మోకాలు టప్పుమంది, నోట్లోంచి "అమ్మో" అన్న కేక వచ్చింది, కుర్చీతోపాటు మా అత్త కూడా ఒకపక్కకు ఒరిగింది. నేను ఎక్కడ లేచానో అక్కడే కూలబడ్డాను. నల్లద్దాలు ఊడి చాప మీద పడ్డాయి.

అప్పుడు మొదటిసారి ఆమె ముఖం స్పష్టంగా కనిపించింది. కళ్లలో నీళ్లున్నాయి.

"బిందె లేపలేని పిల్లను నేనే," అంది. "నాకు గూడ గదే జ్వరం. రొట్టె జేసుడు గూడ అయితలేదు. ఎవడు జేసుకుంటడో మీరే చెప్పున్రి."

ఈ ముక్క రాస్తుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు చెవులు వేడెక్కుతున్నాయి. నాకు వచ్చిన జ్వరాన్నే నేను తిట్టాను, అదీ ఆ జ్వరంతో బాధపడుతున్న పిల్ల ఎదురుగా, అదీ నేను ప్రాణం పెట్టుకున్న పిల్ల! సిగ్గుతో చచ్చిపోయాను.

"లే బిడ్డా, లోపలికి పో. గీ మాటలు పడే ఖర్మ మనకు లేదు," అన్నారు బాలయ్యగారు.

సుగుణ కోపంగా లేవబోయింది. లేవలేకపోయింది. మళ్లీ ప్రయత్నించి "అబ్బా" అని చాప మీదే కూర్చుండిపోయింది.

"రాజిగా, నడువు, పోదాం పా!" అంది మా అత్త. నేనూ లేవబోయాను. నేనూ కూర్చుండిపోయాను.

ఇదీ పరిస్థితి. నా ముఖం చూడకుండా లోపలికి పోవాలని ఆమె, ఆమెకు ముఖం చూపించకుండా పారిపోవాలని నేను. ఇద్దరం ఒకే చాప మీద, ఒకరికొకరు ఎదురుగా, కదల్లేకుండా. పెద్దవాళ్లు మమ్మల్ని ఎటునుంచి లేపాలో తెలియక చుట్టూ తిరుగుతున్నారు. కాసేపటికి ఎవరో ఒకరు మాట్లాడక తప్పలేదు.

"పొద్దుగాల ఎక్కువుంటదా?" అని మెల్లగా అడిగాను.

"ఎక్కువనే," అంది కోపం తగ్గకుండానే. "జడేసుకుంటే వేళ్లు తిరుగయ్."

"నాకు గుండీలు."

"ఉడుకునీళ్లల్ల చేతులు పెడుతున్నరా?"

"లేదు."

"పెట్టున్రి. జర నయమనిపిస్తది."

"తప్పైంది," అన్నాను. "మీ కోసమే అబద్ధమాడిన. కుంటోడంటే ఒద్దంటరని భయపడ్డ."

"మేము గూడ గందుకే ముందుగాల కూసున్నం," అంది. పెదవి చివర కొంచెం నవ్వు వచ్చింది. "బిందెల సంగతేంది మరి?"

"నేనే మోస్త. వేళ్లు వంగనియ్యున్రి, అన్నీ నేనే మోస్త!"

బాలయ్యగారు మా ఇద్దరినీ చూశారు, మా అత్తను చూశారు, ఓడిపోయినవాడిలా గోడకు ఆనుకున్నారు.

"అక్కా, ఇంక అడుగుడేమున్నది? ఇద్దరు లేస్తలేరు. పెండ్లి జేసే అయ్యగారిని గిక్కడికే పిలుస్త, గీ చాప మీదనే తాళి కట్టిపిద్దం!"

తాళి ఆ రోజు కట్టలేదు, నొప్పులు తగ్గాకే కట్టాను. మూడు ముళ్లు వేయాలంటే వేళ్లు వంగాలి కదా. బిందెలు మాత్రం పెళ్లి మర్నాటినుంచి ఈనాటిదాకా నేనే మోస్తున్నాను. నల్లా నీళ్లు ఇంట్లోకే వచ్చాక కూడా సుగుణ నన్ను వదలలేదు, "మాటంటే మాటే" అంటుంది.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎంత చిన్న దోమ తెచ్చిన జ్వరాన్నైనా సరే, అది ఆ గదిలో ఇంకెవరికి వచ్చిందో కనుక్కోకుండా ఈ జన్మలో మళ్లీ తిట్టను. తిట్టక తప్పని పరిస్థితే వస్తే, ముందుగా నిలబడి, తలుపు దగ్గరికి చేరుకుని, అప్పుడు తిడతాను.