తాడుకు గుచ్చిన ముసలితనం

“తాడుకున్న బంగారు గుండ్లు తీసియ్యవే. కిస్తీ కట్టకపోతే కారు గుంజుకపోతరు.”

“గుంజుకపోనియ్యి. నా మెడ జోలికి రాకు.”

నేనూ నా పెనిమిటీ ఆఖరుగా అనుకున్న మాటలివే. విసురుగా కారెక్కి చౌటుప్పల్ పోయాడు. అక్కడ హోటల్ ముందర చాయ్ తాగుతూ కూలబడ్డాడట. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. నేను చెబుతుంటే నా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

ఆయన మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. అప్పుడు చేతికొచ్చిన పైసలు మా ముసలితనానికని నేననుకున్నాను. ఆయన ముందుగా టెంటు వేయించి, యాటలు కోయించి, దోస్తులకు దావత్ ఇచ్చాడు. ఆ తర్వాత తెల్లకారు. కొంత చేతిలోది కట్టాడు, మిగతాది కిస్తీలు. ఇక యాదగిరిగుట్టకు పోయినా, కూరగాయలకు పోయినా కారే.

మాకు పిల్లలు లేరు. ఊళ్లో అందరిదీ ఒకటే మాట. “పిల్లలా జెల్లలా, ఎవలకోసం దాస్తరు? తినుండ్రి, తిరుగుండ్రి.” దాచుకోవడమంటే పిల్లల కోసమే అన్నట్టు. పిల్లలు లేనివాళ్లకు మోకాళ్లు నొయ్యవా? కండ్లకు పొరలు రావా? అదే అడిగితే ఆయన నవ్వేవాడు.

“ముసలోళ్లమైనంక సూద్దాంలేవే.”

“మీసాలకు రంగేస్తే ముసలితనం మనిల్లు మర్చిపోతదా?” అనేదాన్ని.

నేను పత్తి ఏరే కూలికి పోయేదాన్ని. ఏరుడు అయిపోయాక ఆ పైసలతో కంసాలి దగ్గర ఒక బంగారు గుండు కొని పుస్తెలతాడుకు గుచ్చుకునేదాన్ని. మా దిక్కు ఆడవాళ్లందరం అంతే. బ్యాంకు పుస్తకం మగవాడి జేబులో ఉంటుంది. పెట్టె తాళం ఎక్కడుందో వాడికి తెలుసు. తాడు మీద మాత్రం చెయ్యి వేయడు, అపశకునమని భయం. అదే నా బ్యాంకు, అదే నా పింఛను. ఎవరి ప్రాణం పోతే ఆ తాడు తెగుతుందో, అది మాత్రం నా బుర్రకెక్కలేదు.

ఆయన కర్మ చేసే దినాల నాడు నా తాడు తీసి పాలగిన్నెలో వేశారు. గిన్నె ఆయన అన్న ముందుకు పోయింది, మా బావ ముందుకు.

“పుస్తెలు నువ్వుంచుకో. గుండ్లు అమ్మాలె. ఈ దినాల టెంటోడు, యాటలోడు పైసలకు కూసున్నరు,” అన్నాడు.

“బావా, అవి నేను కూలికి పోయి కొన్నయి. నా ముసలితనానికి.”

“కంపెనీల చేసిన మనిషి. సప్పగ సాగదోలితే నలుగుట్ల నా ఇజ్జత్ పోదా?”

పక్కనుంచి బావ భార్య అందుకుంది. “తాడు లేని మెడకు గుండ్లెందుకే? ఎవలకు సూపిస్తవ్?”

“సూపిచ్చుకోనీకి కాదక్కా, తిననీకి,” అన్నాను. ఎవరూ వినలేదు. నా మెడ మీది కూలి అంతా ఒక పూట కూరైంది. ముక్క మెత్తగా ఉందనీ, దినాలు మస్తుగా చేశారనీ తిన్నవాళ్లు నాకే చెప్పి పోయారు. కారును ఫైనాన్సు వాళ్లు తోలుకుపోయారు.

సర్కారు పింఛను ఇంటి కిరాయికీ బీపీ గోలీలకూ సరి. తిండి కోసం ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతున్నాను. నాతో తోమే ఆడవాళ్లకు ఒకనాడు చెప్పాను. “కొంటే ఇడిగ కొని దాసుకోండ్రి. తాడుకు గుచ్చకుండ్రి.” వాళ్లు గబగబా తాళ్లు జాకెట్లలోకి దోపుకున్నారు. “థూ, గవేం మాటలు! నీ నోట్ల మన్నువడ,” అంది ఒకామె. మళ్లీ నా పక్కన కూర్చోలేదు.

బిడ్డా, రాసుడు ఆపినవేంది? నీ తాడుకు గుండ్లున్నయని తెల్వకనే చెప్తున్ననా? రాయి. బావ అన్నది, అక్క అన్నది గట్లనే రాసినవా, మెత్తగ చేసినవా? ఏదీ, మొదటిసంది జర సదివి వినిపియ్యి.