మామిడి కొత్తకు ముందే పెట్టిన సంత

కొండ వ్యవసాయాన్ని ఒక్క పూటలో ఎలా ముంచానో చెబుతాను. ఓపిక తెచ్చుకుని వినండి, చెప్పడానికి నాకే ఓపిక లేదు.

అప్పట్లో తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో కొండ రైతుల ఆదాయం మీద పరిశోధన చేస్తున్నాను. ఆ ఆదాయం ఎలా పెరుగుతుందో తప్ప మిగతావన్నీ నాకు తెలుసు. "ఈసారి పళ్లు దళారికి ఇవ్వొద్దు, మా క్యాంపస్‌లో మనమే అమ్ముదాం" అని పాడేరు కొండల్లోని సోమన్నను ఒప్పించాను. సెలవులకు హాస్టళ్లు ఖాళీ అవుతాయని సంతను వారం ముందుకు జరిపాను. పాపం, ఊరందరి మామిడిపళ్లూ బుట్టలకెత్తుకుని కాచిగూడలో రైలు దిగాడు. అవి అమ్ముడుపోకపోతే ఊరికి ఏం చెప్పాలన్నదే అతని దిగులు.

మొదటి బేరం తార్నాక నుంచి వచ్చిన ఒకావిడది. పండు వాసన చూసి, "కార్బైడ్ ఎయ్యలేదని గ్యారంటీ ఏంది? నువ్వొకటి తిను, చూస్తా" అంది.

"నేను తినకూడదమ్మా" అన్నాడు సోమన్న.

ఆవిడ పామును ముట్టినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

అతన్ని పక్కకు లాగాను. "ఒక్క ముక్క తినవయ్యా."

"మా ఊళ్లో మామిడి కొత్త ఇంకా అవ్వలేదు బాబూ. పండగ చేసి దేవతకి పెట్టేదాకా కొత్త కాయ నోట్లో పెట్టం. అమ్ముకోవచ్చు, తినకూడదు."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"అమ్మడానికి రమ్మన్నావు. తినడానికి రమ్మన్లేదు."

"పండించినోడే తింటలేడంట" అన్న మాట అప్పటికే బస్టాపు దాకా పాకింది. ఇక నేనే రంగంలోకి దిగాను. "చూడండి, నేనూ వీళ్ల ఊరివాణ్నే" అంటూ వరుసపెట్టి తిన్నాను. రసం మోచేతుల దాకా కారింది. "పాపం, ఆకలి మీదున్నడు" అనుకుంటూ జనం వెళ్లిపోయారు.

సాయంత్రానికి ఒక బండివాడు, ఇంటి దగ్గర దళారి ఇచ్చే ధరకే మొత్తం ఎత్తుకున్నాడు. నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. సోమన్నను క్షమించమన్నాను.

"ధర సంగతి ఊరికి నేను చెప్పుకుంటాలే. నువ్వు మా ఊరివాణ్నని పదిమందిలో అన్నావు కదా?"

"అన్నాను."

"కొత్త అవకముందు తిన్న ఊరివాడు తప్పు కట్టాలి. ఒక కోడి. నువ్వు తిన్నదానికి ఒకటి చాలదనుకో."

కోళ్ల గంపతో నేనూ రైలెక్కాను. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసుకునేదేమనగా, ఇకపై ఏ కొండ రైతునైనా ఉద్ధరించే ముందు పండగ ఎప్పుడో అడుగుతాను. జవాబు వచ్చేదాకా నోరు తెరవను, మాట్లాడటానికీ, తినటానికీ.