పగడపు దిబ్బ మీద నా గాలం

ఒక మనిషి చేపలు పట్టడానికని అండమాన్ దాకా పోయి, సముద్రపు అడుగును పట్టుకుని, అది చేపేనని పడవలో ఉన్నవాళ్లందరితో గొడవపడిన వైనం ఇప్పుడు చెప్పబోతున్నాను. ఆ మనిషిని నేనే. నవ్వదలచినవాళ్లు సర్దుకుని కూర్చోండి. మా జనగామవాళ్ల నవ్వులు ఎప్పుడో అయిపోయాయి.

దీనికంతటికీ కారణం మా సడ్డకుడు సుధాకర్. నా భార్య సుజాత చెల్లెలు లతను చేసుకున్నాడు. భూపాలపల్లి వాడు. ఉద్యోగం మీద పోర్ట్ బ్లెయిర్ వెళ్లాడు. వెళ్లినవాడు ఊరికే ఉండొచ్చు కదా! ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక రంగురంగుల చేపను చంటిపిల్లలా ఎత్తుకుని ఫొటో దిగి, కుటుంబం గ్రూపులో పెట్టేవాడు. కురవిలో ఉండే మా అత్తమ్మ ఆ ఫొటోను ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించేది. పాలు పోసే ఆమెను కూడా వదల్లేదు.

"మా చిన్నల్లుడు. సముద్రంల పట్టిండు!"

పెద్దల్లుణ్నైన నేను అక్కడే కూర్చుని టీ తాగుతూ ఉండేవాణ్ని. చిన్నప్పటి నుంచీ చెరువుల్లో కొర్రమట్టలు పట్టినవాణ్ని. గాలానికి ఎర్ర గుచ్చడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. నా కొర్రమట్టను ఒక్కరైనా ఫొటో తీశారా? పులుసు పెట్టుకుని తిన్నారు, ఉప్పు తక్కువైందన్నారు.

ఎండాకాలం సెలవులకు రమ్మని లత పిలిచింది. టికెట్లు తీసుకోగానే సుధాకర్ ఫోన్ చేశాడు.

"అన్నా, గాలం సామాను నువ్వే తెచ్చుకుంటా అంటున్నవట. జర ఇను. పగడపు దిబ్బ కాడ నీళ్లు లోతుండవు. జిగ్గులు చిన్నవి, తేలికవి తీస్కో."

జిగ్గంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: చేప ఆకారంలో పోతపోసిన సీసం ముక్క, దానికో కొక్కెం. నీళ్లలో దింపి ఎగరేస్తుంటే పెద్ద చేప దాన్ని పిల్ల చేప అనుకుని మింగుతుంది.

"మూడు మొనల కొక్కెం అస్సలొద్దన్నా. పగడాలల్ల తట్టుకుంటది. రబ్బరు రొయ్యలు దొరుకుతయి, గవి తీస్కో. కొక్కెం మొనను రబ్బరులకు గుచ్చి దాచాలె. అడుక్కు తాకకముందే గుంజుకోవాలె."

"సరే తమ్మీ" అన్నాను తియ్యగా.

ఫోన్ పెట్టేశాక నా బుర్ర పని మొదలుపెట్టింది. అసూయ పట్టిన బుర్ర ఎంత చురుగ్గా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరు అదృష్టవంతులు. నన్ను చిన్నవే ఎందుకు తెచ్చుకొమ్మంటున్నాడు? నాకు చిన్న చేపలే పడాలని! తను పెద్దది పట్టి, నా పక్కనే నిలబడి ఫొటో దిగాలని! అంటే వాడు చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేయాలన్నమాట.

హైదరాబాద్‌లో గాలాల దుకాణానికి వెళ్లాను.

"ఎక్కడ పడతారు సార్? లోతు ఎంతుంటుంది?" అని అడిగాడు దుకాణం ఆయన.

"గవన్ని నీకెందుకన్నా? అన్నిటికన్న పెద్దవి తియ్యి."

మూరెడు పొడుగున్న వెండిరంగు జిగ్గులు తీశాడు. రెండు కొసలకూ మూడేసి మొనల కొక్కేలు. "ఇవి నడిసముద్రంలో బాగా లోతున్నచోట దింపేవి సార్" అని మొహమాటంగా అన్నాడు.

"గవే గావాలె!"

రబ్బరులో కూడా చిన్న రొయ్యలను వదిలేసి, చూస్తే నాకే భయం వేసే ఊదారంగు ఆక్టోపస్‌లను ఏరుకున్నాను. ఇంటికొచ్చాక సుజాత ఒకదాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఏందయ్యా గిది? ఎవరన్న తొక్కిన్రా?" అంది. ఆడవాళ్లకు ఇలాంటివి ఏం తెలుస్తాయని నవ్వుకున్నాను. ఆ నవ్వు బాగా గుర్తుంది. మళ్లీ నవ్వలేదు మరి.

పోర్ట్ బ్లెయిర్ చేరాక, మా నలుగురినీ ఎక్కించుకున్న పడవ పగడపు దిబ్బ దగ్గర ఆగింది. సుధాకర్ నా డబ్బా తెరిచి చూసి, "అన్నా, గివి..." అన్నాడు.

"గివే! నీకేమన్న తక్లీబా?"

పాపం, డబ్బా మూత మెల్లగా మూసేశాడు. నా సామాను చూసి కుళ్లుకుంటున్నాడని నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

జిగ్గు వేశాను. బావిలో రోలు పడ్డట్టు పడింది. గుంజాను. కదల్లేదు.

"పడ్డది! పడ్డది! సుజాతా, వీడియో తియ్యి! గ్రూపుల పెట్టు!"

అలకు పడవ లేచినప్పుడల్లా దారం బిగిసి కర్ర విల్లులా వంగుతోంది. నేను కాళ్లు తన్నిపెట్టి వెనక్కి వాలిపోయాను.

"అన్నా, గది దిబ్బకు తట్టుకున్నది. దారం కోసేద్దాం" అన్నాడు సుధాకర్.

"దిబ్బనా? దిబ్బ గుంజుతదా? గిట్ల గుంజుతుంటే నీకు కనవడ్తలేదా?"

"పడవ లేస్తున్నది గదన్నా, గందుకు..."

"నీకు పడలే, నాకు పడ్డది. గదీ నీ బాధ!"

"బావా, జర నిమ్మళంగ" అని లత బతిమాలింది. పడవ నడిపే ఆయన మాత్రం ముఖం అటు తిప్పుకుని భుజాలు కదిలిస్తున్నాడు. దగ్గుతున్నాడేమో అనుకున్నాను.

చివరికి దారం తెగింది. నేను వెనక్కి ఎగిరి, చేపల కోసం తెచ్చిన ఐసు డబ్బాలో కూర్చున్నాను. అందులోంచే ప్రకటించాను: "తప్పించుకున్నది! ఎంత పెద్దదో చూసిన్రా?"

రెండో జిగ్గు కూడా అలాగే 'తప్పించుకుంది'. ఆ తర్వాతవీ అంతే. ఊదారంగు ఆక్టోపస్‌లు సైతం వాటి వెనకే వెళ్లిపోయాయి. నా డబ్బా ఖాళీ అయింది.

వీడియో తీసి తీసి విసుగెత్తిన సుజాత, ఫోన్‌ను లతకిచ్చి సుధాకర్ గాలం అందుకుంది. దాని చివర ఒక చిన్న గులాబీరంగు రబ్బరు రొయ్య.

"గిట్లనా సుధాకర్?"

"గిట్లనే వదినా. అడుక్కు పోనియ్యకు. ఆఁ, ఇగ గుంజు!"

నీలిచుక్కల ఎర్రచేప పడవలోకి ఎగిరిపడింది. పుట్టి బుద్ధెరిగాక గాలపు ఎర్రను ముట్టుకోని మనిషి! ఇన్నాళ్లూ సుధాకర్ మీద నేను పెంచుకున్న అసూయ అదే క్షణంలో ఇల్లు మారి సుజాత మీద కూర్చుంది.

తిరిగొచ్చాక కురవి వెళ్లాం. నా వీడియో మాకంటే ముందే చేరింది. అత్తమ్మ పక్కింటివాళ్లను కూడా కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చూసింది. తర్వాత నిజంగానే గాభరాపడుతూ నావైపు తిరిగింది.

"అంతసేపు గుంజినవ్ గద బిడ్డా, గా బండ ఊడొస్తే ఎట్ల? అడుగుల బొక్కపడి సముద్రంల నీళ్లన్ని అండ్లకెళ్లి కారిపోతుండె గద!"

కాబట్టి పాఠకులారా, కురవి వీరభద్రస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరు మంచి సలహా ఇచ్చినా దాన్ని నా మీద కుట్ర అనుకోను. చిన్న రొయ్యను చిన్నచూపు చూడను. కొసన ఉన్నది చేపో బండో తేలేదాకా గట్టిగా అరవను. ఇదంతా మనస్ఫూర్తిగానే అంటున్నాను, సుజాత ఆ ఎర్రచేపతో దిగిన ఫొటోకు అత్తమ్మ పటం కట్టించి గోడకు తగిలించిందని తెలిశాక కూడా.