ముందు వరసలో మావాళ్ళు

ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. రిసార్టులో నా కొత్త ఉద్యోగం పర్మనెంటు కాదేమోనని ఒకటి, మా ఇంట్లోవాళ్ళు ఆ రిసార్టుకి వస్తారేమోనని ఇంకొకటి. (రెండోది జరిగితే మొదటిది తప్పదని నా గట్టి నమ్మకం.) అరకులో రిసెప్షన్ కౌంటరు వెనక నిలబడి 'వెల్కమ్ సర్' అనడం నేర్చిన ఆరు నెలలకే, విశాఖ నుంచి వచ్చిన మా మేనేజరు కంటే నేనే ఎక్కువ పట్నందాన్నయిపోయాను.

అలాంటప్పుడు మా ఊరికి ఒక పెద్ద పాప్ గాయకుడు వస్తున్నాడన్నారు. (అతని పాట మోగని ఆటో మా ఏజెన్సీలో ఉండేది కాదు.) మేనేజరు ముందు వరస పాసులు మూడు నా చేతిలో పెట్టి, "మన గెస్టులు పక్కనే కూర్చుంటారమ్మా. మీవాళ్ళని కాస్త చూసుకో. వచ్చే నెల నీ ఫైలు పైకి పంపాలి" అన్నాడు. ఇక వారం రోజులు అమ్మకీ పెద్దమ్మకీ శిక్షణ ఇచ్చాను. కుర్చీలోంచి లేవకూడదు, పాట అయ్యాక చప్పట్లు కొట్టాలి. "పాట అయిపోయినాక సప్పట్లెందుకే? అప్పుడు వాయింపు ఉండదు గదా" అంది పెద్దమ్మ. నేను మళ్ళీ మొదటి పాఠం నుంచి ఎత్తుకున్నాను.

మా కొండల్లో డప్పు మోగితే ఊరికే చూసేవాళ్ళంటూ ఉండరు. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని, వరస కట్టి థింసా ఆడాల్సిందే. వాయించేవాళ్ళు చెమటోడుస్తుంటే కూర్చోవడం మర్యాద కాదు. ఇదంతా తెలిసి కూడా వాళ్ళిద్దరినీ డ్రమ్ములకి పదడుగుల దూరంలో కూర్చోబెట్టాను, అదీ నా తెలివి.

సాయంత్రం నాలుగింటికి మొదలైంది. రెండు పాటలదాకా ఇద్దరూ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. మూడో పాటకి డ్రమ్ములు జోరందుకున్నాయి. "పాపం, ఆ వాయించే గుంటడొక్కడే అలిసిపోతన్నాడే. ఇంతమందిమి కూకుండి ఏటి సేత్తన్నాం?" అంటూ పెద్దమ్మ లేచింది. ఆవిడ వెనకే అమ్మ. వాళ్ళు చేతులు కలపగానే వెనకెక్కడో నిలబడ్డ ఊరి ఆడవాళ్ళు అడ్డం కట్టిన తాళ్ళ కిందనుంచి దూరి వచ్చి పెద్దమ్మకి అటువైపున వరసలో చేరిపోయారు. గెస్టులు మొహమొహాలు చూసుకున్నారు. వరస చివరనున్న అమ్మ నా ముందుకి రాగానే ఖాళీగా ఉన్న చెయ్యి నావైపు చాపింది. నేను ఫోన్‌లోకి చూశాను. (దాని చార్జింగు ఎప్పుడో అయిపోయింది.) సెక్యూరిటీ అతను వచ్చి, "మేడమ్, వీళ్ళు మీ తాలూకానా?" అని అడిగాడు.

"తెలీదండి" అన్నాను.

ఇంతలో ఆ గాయకుడే స్టేజి దిగి వచ్చి, అమ్మ చాపిన చెయ్యి అందుకున్నాడు. ఒక్క అడుగూ కుదరలేదు. "ఆ కాలు కాదు నాయనా, ఇది. బేగి" అని పెద్దమ్మ వరసలోంచే దిద్దింది. దాంతో గెస్టులు లేచారు. మా మేనేజరు కూడా కోటు విప్పి కుర్చీ మీద పడేసి వెళ్ళాడు. చివరికి ముందు వరసలో మిగిలింది నేనూ, ఆ కోటూ.

నెల తిరక్కుండానే ఫైలు పైకి వెళ్ళింది, ఉద్యోగమూ ఖాయమైంది. కానీ ఆ సాయంత్రం జీపులో తిరిగొస్తూ అమ్మ అడిగింది, "సెయ్యి సాపినాను, సూళ్ళేదేటే?"

"చూళ్ళేదమ్మా."

"నానూ అదే అనుకున్నాను. సూత్తే రాకుండా ఉంటావేటి" అని నా భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది.

ఇప్పుడు ఎక్కడ డప్పు వినిపించినా అందరికంటే ముందు నేనే లేస్తాను. ఆ కుర్చీలో బిగుసుకుని కూర్చున్న పట్నం పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. 'చూశానమ్మా' అని మాత్రం అమ్మకి ఈ రోజుకీ చెప్పలేదు.