ప్రవర్తన గడిలో సి

మా డ్రిల్లు సారు పోయారు. మొన్న మంగళవారం, ఆత్మకూరులో నేను పనిచేసే బడిలో ప్రోగ్రెస్ కార్డులు నింపుతుండగా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ఆ నిమిషంలో నేనేం చేస్తున్నానో చెప్తే మీరు నవ్వుతారు. 'ప్రవర్తన, వైఖరి' అనే గడిలో పిల్లలందరికీ పైనుంచి కిందికి వరసగా 'ఎ' వేసుకుంటూ పోతున్నాను. మేమందరం అలాగే వేస్తాం. నాలాంటి లెక్కల టీచరుకి ఆ గడితో పనేముంది అనుకుంటాను. నాకు తెలిసి ఆ గడిని నమ్మిన మనిషి సారు ఒక్కరే. ఫోను పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.

మేం చదివిన బడి గ్రౌండులో నిలబడితే ఉదయగిరి కొండ కనిపిస్తుంది. సారు తన కాన్వాసు బూట్లకి సుద్దముక్క రుద్ది తెల్లగా ఉంచుకునేవారు. ఆట జరిగేటప్పుడు అందరం పరిగెత్తేవాళ్లను చూస్తే, ఆయన కూర్చున్నవాళ్లను చూసేవారు. ఓడిన జట్టు నీళ్ల దగ్గర ఏం మాట్లాడుకుంటోందో వినేవారు. ఆట అయ్యాక గీతలు గీసిన ముగ్గుపిండి బకెట్టు ఎవరు మోస్తారో, ఎవరు జారుకుంటారో గమనించేవారు. జారుకునేవాళ్లలో నేనే మొదటిదాన్ని. "పరుగెంతో వాచీ చెప్తాదిలే. నువ్వెట్టాంటి మనిషివో నేను చూడాల" అనేవారు. కిందపడిన ఎదుటి జట్టు పిల్లను ఎవరైనా చెయ్యిచ్చి లేపితే, కప్పు గెలిచినంత సంబరం ఆయనకి.

ఎనిమిదో తరగతిలో నేను ఖో-ఖో బాగా ఆడేదాన్ని. బాగా అంటే నా లెక్కలో. ఖో ఇవ్వాలంటే కూర్చున్న పిల్ల వీపు చేత్తో తాకి 'ఖో' అనాలి. మా జట్టులో ఎస్సీ కాలనీ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయేది. నోటితో మాత్రం గట్టిగా 'ఖో' అనేదాన్ని. అలా చెయ్యమని ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంట్లో అవ్వను, అంగట్లో నాయనను చూసి నా చేతికి అబ్బింది. సారు విజిల్ ఊదేవారు.

"తగల్లా. మళ్లీ ఇయ్యి."

మళ్లీ ఇచ్చేదాన్ని. మళ్లీ తగిలేది కాదు. మళ్లీ విజిల్. ఆట అక్కడే ఆగిపోయి, గ్రౌండంతా మా ఇద్దరినీ చూస్తూ ఉండేది.

ఆ ఏడు నా కార్డులో ఆటకి ఎ, ప్రవర్తనకి సి. మా నాయన అంగడి మూసేసి మరీ బడికి వచ్చాడు.

"క్లాసు ఫస్టు బిడ్డకి సి ఏంది సార్? ఎవురినన్నా కొట్టిందా, తిట్టిందా?"

"లేదు."

"మరి?"

"ఆ సంగతి పాపకి తెలుసు. ఇంటికి పోయి అడగండి."

నాయన అడిగాడు. తెలియదు నాయనా అన్నాను. మర్నాడు నాయనే హెడ్మాస్టరు దగ్గర కూర్చుని సి కొట్టేయించి ఎ వేయించాడు. సారు అడ్డు చెప్పలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "కార్డులో మార్చినారు, సరే. నేనింకా మార్చలా. నీ చెయ్యి తగిలిన రోజు వచ్చి చెప్పు బిడ్డా, నేనే మారుస్తా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. బతిమాలినట్టు అన్నారు. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ మర్నాటి నుంచి ఖో-ఖో మానేశాను.

రెండేళ్ల కిందట ఆత్మకూరు బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. నేనూ టీచరునయ్యానని మురిసిపోయి, "ఆటల పీరియడ్లో లెక్కలు చెప్పబాకమ్మా" అని నవ్వారు. అప్పుడు నేను చేసింది తప్పని, ఇప్పుడు నా చెయ్యి ఎవరి దగ్గరా ఆగదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన కూడా ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. ఇంతలో ఆయన ఎక్కాల్సిన ఉదయగిరి బస్సు వచ్చింది. ఇంకోసారి చెప్దాంలే అనుకున్నాను. ఆ మాట అంత తేలిగ్గా అనుకున్నందుకు ఇప్పుడు గుండె మండిపోతోంది.

కడసారి చూపుకి వెళ్తే, సారు ఇంటి ముందు షామియానా కింద నాతో ఖో-ఖో ఆడిన ఆ అమ్మాయి కనిపించింది. దుత్తలూరు దగ్గర అంగన్వాడీలో పనిచేస్తోందట. వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నాను. సారుకి చెప్పలేనిది ఆమెకైనా చెప్పాలి.

"ఖో-ఖోలో నేను నిన్ను..." అని మొదలుపెట్టాను.

"గుర్తుండాది" అంది. నా వైపు చూడలేదు. "మొదటిరోజే సారు నన్ను పక్కకి పిలిచినాడు. నలుగురిలో నీకు నామోషీగా ఉంటే చెప్పమ్మా, ఊదను అన్నాడు. ఊదండి సార్ అన్నా."

ఆ విజిల్ ఇన్నేళ్లూ సారుదే అనుకున్నాను.

"ఆట మొదలయ్యే ముందు రోజూ అడిగేవాడు. రోజూ ఊదమనే చెప్పినా. ఈసారన్నా తగుల్తాదేమోనని చూసేదాన్ని."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లోపల సారుకి స్నానం చేయిస్తున్నారు. ఎండ షామియానా అంచు దాటి మా పాదాల మీదికి వచ్చింది. ఇద్దరిలో ఎవరమూ కుర్చీ జరుపుకోలేదు.